వెనక బెంచీ పిన్ని

ఆ మేడలో పగటిపూట మిగిలే పెద్ద మనిషి ఆమె ఒక్కతే. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు హారన్ వినబడగానే అన్ని అంతస్తుల వాళ్లూ టిఫిను డబ్బాలు చంకన పెట్టుకుని పరుగెత్తేవారు. ఆ వెనకే పిల్లలు బడికి పోయేవారు. ఇక ఆపైన మెట్ల మీద చప్పుడంటూ వినబడితే అది నీళ్ల ట్యాంకు నిండి పొర్లిన చప్పుడే. కింది వాటాలో, కిటికీ వెలుగు పడే చోట ఎత్తుపీట వేసుకుని ఆమె చొక్కాలకు గుండీలు కుట్టేది. ఫ్యాక్టరీలో ఖరీదైన రకాలకు మాత్రం గుండీలు చేత్తోనే కుట్టించేవారు. ఆ చొక్కాల కట్టలు పై అంతస్తులో ఉండే సూపర్‌వైజరమ్మ చేతుల మీదుగా ఆమెకు అందేవి. భర్త దూరపు లారీల మీద తిరిగే మనిషి, సొంత ఇంటికి కూడా చుట్టపుచూపుగానే వచ్చేవాడు. ఒక్కతే కూతురు. వీధి చివరి బడిలో పదో తరగతి చదువుతోంది.

ఇంట్లో కూర్చుని చేసే పనిని ఆ మేడ ఎప్పుడూ పనిగా లెక్కించలేదు. బస్సెక్కి వెళ్లి చేస్తేనే పని. ఎత్తుపీట మీద చేస్తే అది కాలక్షేపం. అందుకే ఎవరు ఏ సాయం అడగవలసి వచ్చినా ముందుగా ఒకే మాట అనేవారు: “నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా!” గ్యాసు బండ వస్తే తీసుకోవడానికి, మీటరు చూసేవాడికి తలుపు తీయడానికి, జ్వరంతో బడి మానిన పిల్లకు వేళకు మందు వేయడానికి, అన్నిటికీ ఆ మాటే పీఠిక. ఆమె ఏనాడూ మొహం చిట్లించలేదు. అందరికీ తలలో నాలుకలా మసలడం ఆమెకు అలవాటు మాత్రమే కాదు, ఆస్తి కూడా.

బడి పెద్దదేమీ కాదు గానీ పేరున్నది. దాని ప్రధానోపాధ్యాయురాలిని పిల్లలూ పెద్దలూ కూడా ‘పెద్ద మేడమ్’ అనే పిలిచేవారు. పిల్లవాడు బడిలో సగమే పెరుగుతాడని, మిగతా సగం ఇంట్లోనే పెరగాలని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఏటా బడి తెరవగానే ఇంటింటికీ ఒక ఉమ్మడి ఒప్పందం పంపేది: బడి చేయవలసినవి, పిల్లలు చేయవలసినవి, ఇంటివాళ్లు చేయవలసినవి. తల్లిదండ్రులు చదివి సంతకం పెట్టాలి. చాలామంది రెండో పని మాత్రమే చేశారు. అందులో అన్నిటికన్నా కింద ఉన్న నియమం ఇది: పిల్లలు మాటిమాటికీ ఆలస్యంగా వచ్చినా, ఇంటిపని ఎగ్గొట్టినా, తోటివాళ్ల మీద చేయి చేసుకున్నా, ఆ ఇంటి పెద్దలొకరు వచ్చి, మధ్యాహ్నపు గంట కొట్టేదాకా ఆ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవాలి. పెద్దలు వచ్చేదాకా పిల్లవాడికి వరండాయే గతి. బడి దీనికి ‘కుటుంబ హాజరు’ అని పేరు పెట్టింది. వీధి ‘బెంచీ శిక్ష’ అంది.

నియమం చెడ్డదని చెప్పడానికి లేదు. అలా కూర్చుని, కొడుక్కి నల్లబల్ల మీది అక్షరాలు కనబడటం లేదని కనిపెట్టి కళ్లజోడు కొనిపెట్టిన తండ్రి ఆ వీధిలోనే ఉన్నాడు. అయితే ఏ ఇంటి పెద్దకైనా ఒక ఉదయం తన చేతిలో ఉంటుందన్న ఊహ మీద ఆ నియమం నిలబడింది. ఆ మేడలో ఎవరి ఉదయమూ వారి చేతిలో లేదు. ఫ్యాక్టరీలో ఒక పూట సెలవంటే రోజు పోయినట్టే. మళ్లీ అడిగితే మిషను ముందున్న కుర్చీలో ఇంకొకరు కనబడతారు.

మొదటిసారి అడిగింది సూపర్‌వైజరమ్మే. బస్సు హారన్ వినబడుతుండగా సగం దువ్విన జుట్టుతో మెట్లు దిగి వచ్చింది. ఆమె కొడుకు ఎక్కడా నిలవని కాళ్లవాడు. వీధి వీధంతా వాణ్ణి తూనీగ అనేది. ఐదో తరగతి. తల్లి వెనక గోడకు ఆనుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

“వదినా, ఒక్క సాయం చేసి పెట్టు. వీడు మళ్లీ లెక్కలు చేయలేదట. ఎవరైనా వెళ్లి కూర్చుంటే గానీ లోపలికి రానివ్వరట.”

“నేనా? అక్కడ నువ్వెవరని అడిగితే ఏం చెప్పను?”

“పిన్నినని చెప్పు. పిన్ని ఇంటి పెద్ద కాదా ఏంటి? నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా!”

“ఈ కట్ట సాయంత్రానికి కావాలన్నావు నువ్వే.”

“రేపివ్వు. నేను చూసుకుంటాగా,” అని, కొడుకు వైపు తిరిగింది. “ఒరేయ్, పిన్ని వెంట బుద్ధిగా వెళ్లు. అక్కడ నోరు జారి ఆంటీ అన్నావో, వీపు విమానం మోత మోగుతుంది!”

ఆమె ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్లింది. పదేళ్ల పిల్లల కోసం చేసిన బెంచీ. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. లెక్కల టీచరు నడివయసు మనిషి. “రండమ్మా, కూర్చోండి. ఫ్యాను కింద జరగండి,” అన్నాడు. ‘మీరు’ అని పిలిపించుకుని ఆమెకు ఎన్నాళ్లయిందో! పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు. తూనీగ ఆ పూట మొదటిసారిగా కాళ్లు ఆడించకుండా కూర్చున్నాడు. మధ్యాహ్నపు గంట అప్పుడే కొట్టారేమిటా అనుకుంది. ఇంటికొచ్చాక ఆ సంగతి తనకే సిగ్గనిపించింది.

అలా మొదలైంది. తర్వాత రెండో అంతస్తులో ఉండే లేతు మిషను పనివాడి కూతురు వంతు. క్లాసులో నోరు మూతపడదు కనుక ఆ పిల్లను గిలక అనేవారు. తర్వాత పక్క వాటా, ఎదుటి మేడ. అందరికీ ఆమె పిన్నే. చూస్తుండగానే వీధి పిల్లల నోట ఆమె పేరు ‘బెంచీ పిన్ని’గా స్థిరపడింది. సంచీలో రెండు మూడు చొక్కాలు పెట్టుకెళ్లి, బల్ల కింద ఒళ్లో ఉంచుకుని కుట్టుకోవడం కూడా నేర్చుకుంది. లెక్కల టీచరుకు అంతా తెలుసు. ఒకనాడు హాజరు తీసుకుంటూ నవ్వకుండా అన్నాడు:

“మీకు అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నట్టున్నారమ్మా.”

“ఉన్నారండీ. పెద్ద సంసారం మాది.”

“మంచిదే. కలిసి ఉన్న కుటుంబాలు ఈ రోజుల్లో ఎక్కడున్నాయి!” అని బోర్డు వైపు తిరిగిపోయాడు.

వీధి కూడా ఊరికే ఉండలేదు. పై అంతస్తు నుంచి వేడివేడిగా కూర గిన్నె దిగేది. లేతు పనివాడు ఆమె కూతురి సంచీ జిప్పు బాగుచేసి ఇచ్చాడు. నీళ్ల దగ్గర ఆమె బిందెను ఎవరూ వెనక్కి నెట్టేవారు కాదు. కృతజ్ఞతకు ఆ మేడలో లోటు లేదు, గిన్నెలతో సరిపోయినంతకాలం.

లోటు ఉన్నది కూతురికే. పదో తరగతి గదికి ఎదురుగానే ఐదో తరగతి. దారిలో తల్లి ఎదురైనా ఎరగనట్టు తల వంచుకుని పోయేది.

“అమ్మా, నువ్వు అక్కడ కూర్చుంటే మా వాళ్లు కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. ‘మీ అమ్మ ఇంకా ఐదు పాసవలేదా’ అంటున్నారు.”

“అననీవే. నవ్విన నాపచేనే పండుతుందన్నారు.”

“పండేది వాళ్ల చేను. ఎండేది నాది.” పిల్ల మళ్లీ అంది: “అందరి కోసం వచ్చి కూర్చుంటావు. నా కోసం ఒక్కసారైనా వచ్చావా?”

“నువ్వు తప్పంటూ చేస్తే కదే నేను రావడానికి!”

మెచ్చుకోలుగానే అంది ఆ తల్లి. మెచ్చుకోలుగా వినడానికి పిల్లకు మనసొప్పలేదు.

పొరపాటు జరిగిన రోజున గిలక కోసం వెళ్లవలసి ఉంది. పిల్ల వరసగా ఆలస్యం చేసిందని లేతు పనివాడు ముందు రోజు సాయంత్రమే వచ్చి చెప్పాడు. ఆమె సంచీ సర్దుకుని గేటు దాకా వచ్చేసరికి తూనీగ గేటు పట్టుకుని వేలాడుతున్నాడు.

“పిన్నీ, నాకు కూడా కూర్చోవా? నిన్న ఒకణ్ణి తోశాను. వాడి పన్ను ఊడింది.”

“అయ్యో, పన్నా!”

“పాలపన్నే పిన్నీ. ఎలాగూ ఊడేదే. నేను కొంచెం ముందు ఊడగొట్టానంతే.”

“మీ అమ్మకు చెప్పావా?”

“అమ్మకి చెప్తే నాన్నకి తెలుస్తుంది. నాన్నకి తెలిస్తే తోలు ఒలిచేస్తాడు. నువ్వు ఎలాగూ గిలక కోసం వస్తున్నావు కదా. పనిలో పని!”

పెద్దవాళ్ల మాటను అంత పొందికగా వాడిన పిల్లవాణ్ణి చూసి ఆమెకు నవ్వొచ్చింది. ఎన్నిసార్లు వాళ్లమ్మే పంపలేదు? ఇప్పుడు మాత్రం చెబితే పంపదా? ఆ అనుకోవడంలోనే ఉంది పొరపాటంతా. ఇన్నాళ్లూ ఇంటివాళ్లు పంపితే వెళ్లింది. ఆ రోజు పిల్లవాడు పిలిస్తే వెళ్లింది. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఆమెకు ఆ క్షణాన కనబడలేదు. కనబడవలసిన వాళ్లకు తర్వాత బాగా కనబడింది.

ఆ రోజు లెక్కల టీచరు సెలవు. క్లాసు తీసుకోవడానికి పెద్ద మేడమే వచ్చింది. వెనక బెంచీ వైపు చూసి, మర్యాదగానే అడిగింది: “మీరు ఏ పిల్లల తాలూకు అమ్మా?”

ఆమె నోరు విప్పేలోపే గిలక లేచింది. “మా పిన్ని మేడమ్!” సరిగ్గా అప్పుడే అవతలి వరసలోంచి తూనీగ, “మా పిన్ని మేడమ్!”

“మీరిద్దరూ బంధువులా?”

“ఛీ, కాదు మేడమ్. నేను వాడితో మాట్లాడను కూడా,” అంది గిలక.

క్లాసు గొల్లుమంది. ముందు బెంచీలోని పిల్లవాడొకడు మేడమ్‌కు సందేహం తీర్చాలని ఉత్సాహంగా లేచాడు. “మేడమ్, ఆవిడ మా వీధిలో అందరికీ పిన్నే! నాకూ వచ్చింది.” “నాకూ మేడమ్!” “నాకు ఆటలప్పుడు కూడా వచ్చింది!” ఎవరి పిన్ని గొప్పదో తేల్చుకునే పోటీలా చేతుల మీద చేతులు లేచాయి. పిల్లలు ఆమె మీద ఉన్న ప్రేమకొద్దీ చెప్పారు. ఒక్కొక్క చెయ్యి లేచినప్పుడల్లా ఆమె తల ఇంకాస్త కిందికి వాలింది.

మధ్యాహ్నం తన గదిలో పెద్ద మేడమ్ ఆమెకు కుర్చీ చూపించింది.

“ఎవరెవరు పంపారు మిమ్మల్ని?”

“పిల్లల మీద జాలితో నేనే వచ్చానండీ.”

“ఒక్కరూ పంపలేదా?”

పేర్లు చెప్పడమంటే చాడీలు చెప్పడమేనని ఆమె లెక్క.

“చూడమ్మా. ఆ బెంచీ నేను శిక్ష కోసం వేయించలేదు. ఇంట్లోవాళ్లు ఒక్క పూట పక్కన కూర్చుంటే పిల్లవాడి సంగతి వాళ్లకు తెలుస్తుందని వేయించాను. ఆ పన్ను ఊడగొట్టిన అబ్బాయి ఏడాదిగా ఎలా తయారయ్యాడో వాళ్లమ్మకు తెలీదు. మీకు తెలుసు. తెలుసుకుని మీరేం చేశారు?”

ఏం చేసింది? గుండీలు కుట్టింది.

“మీ అమ్మాయి టెన్త్ కదా. చక్కగా చదువుతుంది.” పెద్ద మేడమ్ గొంతులో కోపం లేదు, ఉంటే ఆమెకు భయం తక్కువగా ఉండేది. “శనివారం ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులందర్నీ పిలుస్తున్నాను. మేమే పంపామని వాళ్లలో ఒక్కరు లేచి చెప్పినా, ఇది అందరూ కలిసి చేసిన తప్పవుతుంది. అందరం కలిసే దిద్దుకుంటాం. ఎవరూ చెప్పకపోతే మీరొక్కరే బడిని మోసం చేసినట్టు. ఒప్పందం మీద మీరూ సంతకం పెట్టారు. మోసం చేసిన ఇంటి పిల్లను నేను ఉంచుకోలేను.”

“పరీక్షలు దగ్గరికొచ్చాయండీ.”

“తెలుసమ్మా.”

ఆ సాయంత్రం ఆమె గడపగడపకూ వెళ్లింది. సూపర్‌వైజరమ్మ టీ ఇచ్చి కూర్చోబెట్టింది. “ఓస్, ఇంతేనా! ముందు లేచేది నేనే. నీ రుణం ఎలా తీర్చుకోవాలా అని చూస్తున్నా వదినా, నిశ్చింతగా ఉండు.” ఆమె మనసు కుదుటపడింది. దాపరికం ఎందుకని, ఉన్నది ఉన్నట్టుగా చెప్పేసింది: “ఇవాళ మాత్రం నువ్వు పంపగా వెళ్లింది కాదు. పన్ను సంగతి నీకు తెలిస్తే కొడతారని భయపడి వాడే అడిగాడు. వాణ్ణేమీ అనకు.” సూపర్‌వైజరమ్మ చేతిలో గ్లాసు కాసేపు ఆగింది. “అలాగా… నేను పంపలేదన్నమాట. సరేలే,” అంది.

లేతు పనివాడు మెట్ల మీదే ఎదురయ్యాడు. “నువ్వు నాకు చెప్పాలా అక్కా? నేనే లేచి చెప్తా. మాట తప్పితే నా చెయ్యి మిషన్లో పడిపోనీ.”

“అవేం మాటలు తమ్ముడూ!”

“అయితే అక్కా, మీటింగు పొద్దున్నే అయిపోతుందిగా? పాప జ్వరానికి మొన్న నాగా పెట్టాను. మా ఓనరు అప్పుడే ఇంకోణ్ణి నా పక్కన నిలబెట్టి పని నేర్పిస్తున్నాడు.”

శనివారం నాడు హాల్లో కుర్చీలు సర్దినవాళ్లు పదో తరగతి పిల్లలు. ఆమె కూతురు నీళ్ల జగ్గు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. వీధి వీధంతా అక్కడే ఉంది. పెద్ద మేడమ్ జరిగింది జరిగినట్టు చెప్పి, ఎవరి మనసులో ఏముందో చెప్పమంది. కుర్చీలు కిర్రుమన్నాయి. లేతు పనివాడు గొంతు సవరించుకున్నాడు. అంతలో పెద్ద మేడమ్ ఇంకొక మాట కలిపింది: బదులు మనిషిని పంపినవాళ్లు, పంపిన పూటలన్నిటికీ ఇప్పుడు స్వయంగా వచ్చి కూర్చోవాలి. “ఇది శిక్ష కాదు. మీ పిల్లలకు మీరు బాకీ పడ్డ పూటలు ఇవి.”

న్యాయమైన మాటే. కానీ దానితో హాలు గాలి మారిపోయింది. ప్రతి ఒక్కరూ లోలోపల పూటలు కూడుకుంటున్నట్టు మొహాలు బిగుసుకున్నాయి. లేవబోయిన లేతు పనివాడు కుర్చీని కాస్త ముందుకు జరుపుకుని, అందుకే లేచినట్టు కూర్చున్నాడు. అందరూ కుక్కిన పేలయ్యారు.

అప్పుడు సూపర్‌వైజరమ్మ లేచింది. బెంచీ పిన్ని గుండె తేలికపడింది, మాట మొదలయ్యేదాకా.

“మేడమ్, మాకు అసలేమీ తెలీదు. మావాడు భయపడి, ఇంట్లో చెప్పకుండా ఈవిణ్ణి పిలుచుకెళ్లాడు. కావాలంటే వాణ్ణే అడగండి.”

తూనీగను పిలిపించారు. “మీ అమ్మకు చెప్పావా?” అని అడిగితే, వాడు ఏడుపు మింగుకుంటూ నిజమే చెప్పాడు: “లేదు మేడమ్. నేనే అడిగా పిన్నిని.”

ఒక్క నిజం దొరికితే చాలు, దాని వీపు మీద ఎన్ని అబద్ధాలైనా ఎక్కి కూర్చోగలవు. “మా పిల్ల కూడా అలాగే చేసుంటుందండీ.” “మాకూ తెలీదు.” “పనికి పోయేవాళ్లం, మాకెవరు చెప్తారు?” “ఆవిడకు ఇంట్లో తోచక వచ్చిందేమో పాపం!” ఆ చివరి మాట అన్నదెవరో ఆమెకు కనబడలేదు. లేతు పనివాడు తన బూట్ల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

“అబద్ధం మేడమ్.”

తలుపు దగ్గరి నుంచి వచ్చిందా గొంతు. పిల్ల జగ్గు పట్టుకునే ఉంది. “వీళ్లే పంపారు. పొద్దున్నే వచ్చి మా తలుపు కొట్టేది వీళ్లే. ఆ ఆంటీ అయితే, చొక్కాల కట్ట రేపిచ్చినా ఫర్వాలేదని చెప్పి మరీ పంపేది. ఆ అంకుల్ ముందు రోజు సాయంత్రం వచ్చారు, గిలక కోసం. నేను పక్కనే చదువుకుంటున్నా. అన్నీ విన్నాను.”

పెద్ద మేడమ్ తల్లి వైపు తిరిగింది. “మీ అమ్మాయి చెప్పింది నిజమేనా? మీరు అవునంటే చాలు.”

అవును అనడానికి ఎంతసేపు? ఆమె తల ఎత్తింది. ఎదురుగా లేతు పనివాడు. ఇప్పుడు బూట్ల వైపు కాదు, ఆమె వైపే చూస్తున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని. పక్కన సూపర్‌వైజరమ్మ. ఆ చూపులో బతిమాలుకోవడం లేదు. చొక్కాల కట్టలు ఉన్నాయి. ఇన్నేళ్లూ తను తలలో నాలుకగా బతికిన మేడ మొత్తం ఆ కుర్చీల్లో కూర్చుని తన నోటి వైపు చూస్తోంది. తను అవునంటే వీళ్లందరూ ఈ పూట దొంగలవుతారు, రేపటి నుంచి ఏ గడపా తనది కాదు. కాదంటే తను ఒక్కతే మాట పడుతుంది. మాట పడటం తనకు కొత్తా? తను ఇంత మందిని కాపాడితే ఆ మేలు ఎక్కడికి పోతుంది? అయినా బంగారంలాంటి పిల్లను పరీక్షల ముందు బడి నిజంగా వెళ్లగొడుతుందా! బెదిరింపే అయివుంటుంది. ఆమె తూచుకున్నవి ఇవి. ఆ తక్కెడలో ఒక్కటి వేయడం మరిచిపోయింది. అది జగ్గు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

“చిన్నపిల్లండీ,” అంది. “నన్ను కాపాడాలని ఏదో అంటోంది. వాళ్లెవరూ పంపలేదు.”

పిల్ల ఏడవలేదు. జగ్గును మెల్లగా, ఒక్క చుక్క తొణక్కుండా కిటికీ గట్టు మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

ఆ వారాంతమంతా ఇంట్లో ఎవరి అన్నం వాళ్లు వడ్డించుకున్నారు. భర్తకు ఫోను చేస్తే, లారీ హోరులోంచి, “ఆ సంగతులన్నీ నువ్వే చూసుకుంటావు కదా,” అన్నాడు. బడి తెరవగానే ఆమె పెద్ద మేడమ్ గదిలో నిలబడింది. ఈసారి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మొన్న నేను చెప్పింది అబద్ధమండీ. నా కూతురు చెప్పిందే నిజం.”

పెద్ద మేడమ్ చాలాసేపు ఆమెను చూసింది. నమ్మాలని ఉన్నట్టే చూసింది.

“మొన్న మీ మాట నమ్మి మీ పిల్లది అబద్ధమనుకున్నాను. ఇవాళ మళ్లీ మీ మాటే నమ్మి అంత మందిదీ అబద్ధమనుకోమంటారా? ఒక్కర్ని తీసుకురండమ్మా. ఒక్కరు చాలు.”

ఒక్కరు దొరకలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడం లోకంలో ఉన్నదే. ఇక్కడ తెప్పే తనకు తాను నిప్పంటించుకుంది కనుక, దాటినవాళ్లకు ఆ పాపం కూడా అంటలేదు. “ఇప్పుడు మాట మారిస్తే మమ్మల్నేమనుకుంటారు వదినా?” అంది సూపర్‌వైజరమ్మ. “మేం పంపలేదని పదిమందిలో చెప్పింది నువ్వే కదా!” లేతు పనివాడి గుమ్మం ముందు బూట్లు ఉన్నాయి, లోపల టీవీ మోగుతోంది. ఎంత తట్టినా తలుపు తీసినవాళ్లు లేరు. కాసేపటికి టీవీ చప్పుడు కూడా తగ్గింది.

బదిలీ పత్రం చేతికొచ్చింది. పిల్ల సభలో పెద్దల మీద నిందలు వేసిందన్న మాట అందులో రాయలేదు. అది పెద్ద మేడమ్ చూపిన దయ. కానీ ఏడాది చివర్లో, పరీక్షల గుమ్మంలో, ఎందుకు పంపించారో చెప్పలేని పిల్లను ఏ బడీ చేర్చుకోలేదు. “వచ్చే ఏడాది రండి,” అని ఒకచోట, “మీ పాత బడి నుంచి ఒక మాట చెప్పించండి,” అని మరొకచోట.

కొన్నాళ్లకు సూపర్‌వైజరమ్మే కిందికి దిగి వచ్చింది. చేతిలో కూర గిన్నె. “పిల్ల ఊరికే ఇంట్లో ఉంటే మనసు పాడవుతుంది వదినా. నా లైన్లో దారాల పోగులు కత్తిరించే పని ఉంది. వయసు సంగతీ అదీ నేను చూసుకుంటా. నీ రుణం నేను ఉంచుకోను.”

“వద్దు,” అంది ఆమె, బహుశా ఆ మేడలో ఎవరితోనైనా మొదటిసారిగా. “వచ్చే ఏడు బళ్లో వేస్తాను.”

“ఎప్పటి నుంచి రమ్మంటారు ఆంటీ?” అంది కూతురు లోపలి నుంచి.

మర్నాటి నుంచి పిల్ల కూడా టిఫిను డబ్బా చంకన పెట్టుకుని బస్సు వెంట పరుగెత్తింది. వీధి ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. మొదటివారం ఎవరి మొహం వాళ్లు కిటికీ వైపు తిప్పుకున్నారు గానీ, తర్వాత మామూలైపోయింది. సాయంత్రాలు పిల్ల జుట్టు నిండా రంగురంగుల దారప్పోగులు వేసుకుని వచ్చేది. ఒకనాడు తల్లే వెళ్లి వాటిని ఏరబోతే, పిల్ల పక్కకు తప్పుకుని తనే దులుపుకుంది.

“డబ్బాలో అన్నం అలాగే ఉందేం?”

“అక్కడందరూ తలా కాస్త పెడతారు. సరిపోతుంది.”

“వాళ్లతో కలిసే తింటున్నావా? ఆ సూపర్‌వైజరమ్మతో కూడానా?”

“ఆమె పక్కనే కూర్చుంటా.”

ఇన్నాళ్లూ మింగుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. “ఎలా సహిస్తుందే నీకు? నీ చదువు మట్టికొట్టుకుపోయింది వాళ్ల మూలాన. వాళ్ల చేతి ముద్ద ఎలా దిగుతోంది నీకు గొంతులో?”

పిల్ల తల్లి వైపు చూసింది. కోపంగా కాదు. దారి అడిగినవాళ్లకు దారి చెప్పేటప్పుడు చూసినట్టు చూసింది.

“వాళ్ల పిల్లల్ని వాళ్లు చూసుకున్నారమ్మా. నేను అబద్ధం చెప్పానన్నది వాళ్లు కాదు కదా.”

ఆ మాట అనేసి, ఫ్యాక్టరీ నుంచి తను మోసుకొచ్చిన చొక్కాల కట్టను ఎత్తుపీట పక్కన పెట్టింది. “రేపటికి కావాలన్నారు,” అని చెప్పి, మొహం కడుక్కోవడానికి లోపలికి పోయింది.